నోటిమాటగా ఇచ్చిన రెండు వారాలు

ఉద్యోగం చేసినన్నాళ్లూ నన్ను చూసి సంతోషించిన ప్రాణులు రెండే. ఒకటి, ఇంగోల్‌స్టాట్ శివార్లలో ఒక రంపపు మిల్లు గేటు దగ్గరుండే కుక్క. రెండోది, ఒక బేకరీ యజమానురాలు. నేను పాత్రలు కడిగే పని అడగడానికి వచ్చాననుకుని ఆవిడ లేచి నిలబడి చెయ్యి కలిపింది. తనిఖీకి వచ్చానని తెలిశాక ఆ సంతోషం పోయింది. కుక్క మాత్రం చివరిదాకా అలాగే ఉంది.

బవేరియాలో ఒక ప్రభుత్వ తనిఖీ కార్యాలయంలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. అమ్మకానికి వచ్చిన యంత్రాలు మనిషి చేతికీ కాలికీ హాని చెయ్యకుండా ఉన్నాయా లేదా చూడటం, లేకపోతే ఆపించడం నా పని. ప్రమోషన్ల గురించి రాయను. రెండు వచ్చాయి. రెండుసార్లూ గది మారింది, కిటికీలోంచి కనిపించే పార్కింగ్ మాత్రం మారలేదు. రిటైరై ఏడాది దాటింది.

మ్యూనిక్ పక్కన గార్చింగ్‌లో మాస్టర్స్ చదివిన నిహారిక అనే వరంగల్ అమ్మాయి ఈ మధ్య ఇలాంటి ఉద్యోగంలోనే చేరింది. "ఆంటీ, రూల్స్ నేను చదువుకుంట. రూల్స్‌ల లేనిది ఏమన్న ఉంటే రాసియ్యండి" అంది. ఉంది. దాని పేరు మొహమాటం. నా మొహమాటం వల్ల ఒక మనిషి కుడిచెయ్యి పాడైంది. వేళ్లు పట్టుకుంది యంత్రమే, కానీ పది రోజుల ముందే దాన్ని ఆపే అధికారం నా చేతిలో ఉంది. నేను ఆపలేదు. ఇదంతా ఆ చెయ్యి గురించే రాస్తున్నాను. అయితే పని ఏమిటో తెలియకపోతే తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు, కాబట్టి ముందు పని సంగతి చెబుతాను.

స్టిక్కరు సంగతి

యూరప్‌లో అమ్మే యంత్రం మీద సీఈ అని రెండక్షరాల గుర్తు ఉండాలి. అది సర్కారు ఇచ్చే సర్టిఫికెట్ అని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. కాదు. చాలా యంత్రాలకు దాన్ని తయారుచేసినవాడే వేసుకుంటాడు. "నిబంధనలన్నీ పాటించాను, ఒట్టు" అని దాని అర్థం. బయటి దేశం నుంచి తెప్పించి అమ్మితే, ఆ ఒట్టు నిజమో కాదో చూసుకోవాల్సింది తెప్పించినవాడు. ఒట్టు తీసి గట్టున పెట్టినవాళ్ల కోసం మేమున్నాం.

ఒక గోదాములో నేను సీఈ గుర్తు ఏదని అడిగితే, యజమాని సొరుగు లాగి స్టిక్కర్ల చుట్ట తీశాడు. "ఎక్కడెక్కడ అంటించమంటారు మేడమ్?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే నాకు సాయం చేద్దామని అడిగాడు. ఇంకో చోట యంత్రానికి ఎర్రటి ఎమర్జెన్సీ బటన్ ఉంది. నొక్కాను, ఆగలేదు. విప్పి చూస్తే వెనక వైరే లేదు. అమ్మేవాడు కాసేపు ఆలోచించి, "రంగు మాత్రం నిబంధన ప్రకారమే ఉంది" అన్నాడు. అదీ నిజమే. నివేదికలో రాశాను కూడా.

ఇలాంటివాళ్లతో పెద్ద కష్టం లేదు. పొద్దున వెళ్లి, మధ్యాహ్నానికి ఆదేశం రాసి, సాయంత్రం హాయిగా ఇంటికి రావచ్చు.

క్యారెట్

నా మొదటి బాస్ హేర్ బ్రాండ్ల్. నా ఇంటిపేరు పెంటకోట ఆయన నోట పలక్క, చేరిన మూడో రోజు నుంచి "ఫ్రావ్ పి", అంటే శ్రీమతి పి, అని పిలిచేవారు. ఆయన సంచిలో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు, ఒక టార్చి, ఒక పచ్చి క్యారెట్ ఉండేవి. తిరిగే భాగం దగ్గర రక్షణ సరిగ్గా లేదనిపిస్తే, క్యారెట్ యజమాని చేతికిచ్చి "మీ వేలనుకుని పెట్టండి" అనేవారు. టప్ మని శబ్దం వచ్చేది. ఆ తర్వాత వాదన ఉండేది కాదు. మిగిలిన సగం తిరుగుప్రయాణంలో కారులో తినేసేవారు. మే నెలలో మావైపు తెల్ల ఆస్పరాగస్ పండుతుంది, వేలంత లావు కాడలు, ఇక్కడివాళ్లకి ప్రాణం. క్యారెట్ మర్చిపోయిన ఒకరోజు, మార్కెట్ నుంచి తెచ్చుకున్న ఆస్పరాగస్ వాడదామన్నాను. "పిచ్చా? అది తినేది" అన్నారు.

ఆయన దగ్గర నేర్చుకున్నవి రెండు. మొదటిది ఒక ఫర్నిచర్ ఫ్యాక్టరీలో. చెక్క అంచులు కోసే యంత్రానికి గార్డు, అంటే బ్లేడుని కప్పే మూత, ఉంది, గార్డు తెరిస్తే మోటారు ఆగే స్విచ్చీ ఉంది. ఆ స్విచ్చిలో ఎవరో వైన్ సీసా బిరడా కుక్కారు. గార్డు తెరిచినా బ్లేడు తిరుగుతోంది. అక్కడ పనిచేసే ఆమె మీద నేను ఎగిరిపడ్డాను, కొత్త ఉద్యోగం కదా. బ్రాండ్ల్ గారు నన్ను పక్కకి లాగి, "ఇక్కడ గంటసేపు నిలబడు. మాట్లాడకు" అన్నారు. ఆ గంటలో చెక్కపొట్టు పదిసార్లకు పైగా ఇరుక్కుంది. ఇరుక్కున్న ప్రతిసారీ తెరవాలి, తెరిస్తే ఆగిపోతుంది, మళ్లీ మొదటినుంచి అన్ని బటన్లూ నొక్కాలి. గంటయ్యాక, "ఇప్పుడు చెప్పు, నువ్వైతే ఏం చేస్తావు?" అన్నారు. "బిరడా పెడతాను" అన్నాను. ఆదేశం ఆమె మీద రాయలేదు. పొట్టు ఇరుక్కోకుండా చెయ్యమని యంత్రం తయారుచేసినవాళ్లకి రాశాం. అడ్డదారిన పోయేవాణ్ణి తిట్టేముందు, అసలు దారి వాణ్ణి ఎంత చుట్టు తిప్పుతోందో చూడాలి.

రెండోది ఆయన ఒక్క వాక్యంలో చెప్పారు. "ఫ్రావ్ పి, నోటితో చెప్పింది చెప్పనట్టే. రాసి చేతికిస్తేనే చెప్పినట్టు."

ఈ రెండూ నేను చాలా ఏళ్లు కొత్తవాళ్లకి చెబుతూ వచ్చాను. బాగా చెబుతానని పేరు కూడా ఉండేది.

మూత ఎత్తినా ఆగని గానుగ

ఇక అసలు సంగతి. నా రిటైర్మెంట్‌కి ఇంకో రెండేళ్లుందనగా జరిగింది.

శ్రీకాంత్‌ది కరీంనగర్. కారు విడిభాగాల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చి, శాశ్వత నివాసం దొరికాక వారాంతాల్లో చిన్న వ్యాపారం పెట్టాడు. బయటి దేశం నుంచి చెరకు రసం మిషన్లు తెప్పించి ఇండియన్ హోటళ్లకీ, మేళాల్లో స్టాళ్లు పెట్టేవాళ్లకీ అమ్ముతాడు. భార్య పద్మజ. ఇంగోల్‌స్టాట్ చుట్టుపక్కల చీర మీదకి జాకెట్టు సరిగ్గా కుట్టగల మనిషి ఆమె ఒక్కతే. మ్యూనిక్ నుంచి రైలెక్కి వచ్చి మరీ కొలతలిచ్చిపోయేవారు. నావీ ఆమే కుట్టేది. ఆ సెప్టెంబరు నుంచి ఊళ్లో ఒక పెద్ద బట్టల దుకాణంలో దర్జీగా చేరబోతోంది. ఈ దేశానికి వచ్చిన ఏడేళ్లకి దొరికిన మొదటి ఉద్యోగం. కాంట్రాక్టు కాగితం ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చూపించేది. నాకు మూడుసార్లు చూపించింది.

మొదట్లో వాళ్లు నన్ను ఆంటీ అనేవారు. నేనే మందలించి అక్కా అనిపించుకున్నాను. అధికారాన్ని సొంతానికి వాడుకున్నది ఆ ఒక్కసారే అని చాలాకాలం అనుకున్నాను.

ఒకరోజు ఆఫీసుకి పేరు లేని ఈమెయిల్ వచ్చింది. ఫలానా వెబ్‌సైట్‌లో సరైన రక్షణ లేని చెరకు మిషన్ అమ్ముతున్నారని. అమ్మేవాడి పేరు చూస్తే శ్రీకాంత్. తెలిసినవాళ్ల ఫైలు వస్తే పై అధికారికి చెప్పి పక్కవాళ్లకి ఇచ్చెయ్యాలని నిబంధన ఉంది. పక్కగదిలో యోస్ట్ ఉన్నాడు. మంచి ఇంజినీరు. ఎదుటివాడు నవ్వినా ఏడ్చినా ఒకే వేగంతో టైపు చేస్తాడు. పాపం, వీడి చేతిలో పడితే శ్రీకాంత్ ఏమైపోతాడో అనిపించింది. నేనైతే తెలుగులో మెల్లగా నచ్చజెప్పొచ్చు అనుకున్నాను. ఫైలు నా దగ్గరే ఉంచుకున్నాను. అది మొదటి తప్పు.

మిషన్ వాళ్ల అద్దె గ్యారేజీలో ఉంది. మూడు ఉక్కు రోలర్లు, ముందు స్టీలు మూత. మూత ఎత్తితే మోటారు ఆగాలి. ఎత్తాను, రోలర్లు తిరుగుతూనే ఉన్నాయి. గడ పెట్టే నోరు నా అరచెయ్యి దూరేంత వెడల్పు. క్యారెట్ పెట్టాను. మరుక్షణం క్యారెట్ లేదు.

"గింత చిన్న మిషనుకు గన్ని రూల్సా అక్కా?" అన్నాడు శ్రీకాంత్.

"రోలరుకి చిన్నా పెద్దా ఏంటి నాయనా? నేను అనకాపల్లి దగ్గర పుట్టినదాన్ని. గానుగలో మోచెయ్యిదాకా చెయ్యి పోయినవాళ్లని కళ్లారా చూశాను."

"మరేం జెయ్యాల్నో మీరే చెప్పుండ్రి. చేపిస్త."

ఏం చెయ్యాలో చెప్పడం తనిఖీ అధికారి పని కాదు. ఏది తప్పో చెప్పాలి, ఎలా సరిచెయ్యాలో అమ్మేవాడూ తయారుచేసినవాడూ తేల్చుకోవాలి. కానీ అక్కా అని పిలిచి అడిగాడు కదా. "నోరు సన్నగా, పొడుగ్గా చేయించు. ఒక్కో గడే పట్టాలి, చెయ్యి రోలర్లదాకా పోకూడదు. మూతకి స్విచ్చి పెట్టించు, ఎత్తగానే ఆగిపోవాలి. అప్పటిదాకా వాడకు, అమ్మకు" అన్నాను. వాళ్లు రసం ఎలా తీస్తారో ఒక్కసారి తీసి చూపించమని అడగలేదు. అనకాపల్లి దాన్ని, నాకు తెలియదా అనుకున్నాను. అది రెండో తప్పు.

"ఎన్ని అమ్మావు?"

"నాలుగక్కా. బెర్లిన్‌ల రెండు, మ్యూనిక్‌ల రెండు."

"కాగితం రాసిస్తాను" అని బ్యాగు తెరిచాను. ఆ కాగితాన్ని ఇక్కడ బెషైడ్ అంటారు, లిఖిత ఆదేశం. అది చేతికందిన నిమిషం నుంచి అమ్మకం బంద్, వాడకం బంద్. కాదంటే మిషన్‌కి సీలు పడుతుంది.

శ్రీకాంత్ ముఖం మాడిపోయింది. "అక్కా, బెషైడ్ వద్దక్కా. పది రోజులల్ల మేళా ఉన్నది, స్టాల్ గూడ బుక్ చేసిన. మనోళ్లందరికి తెలిస్తే నా ఇజ్జత్ పోతది. రెండు వారాలు టైమియ్యుండ్రి. నా బిడ్డ మీద ఒట్టు, స్విచ్చి పెట్టేదాక దాన్ని ముట్ట."

అప్పుడే పద్మజ టీ తెచ్చింది. "మీరు చెప్తే కాదంటమా అక్కా? మీరు మా ఇంటి మనిషి లెక్క" అంది.

నేను పెన్నుకి మూత పెట్టేశాను. "సరే, రెండు వారాలు" అన్నాను. టీ తాగాను, బాగుందన్నాను, వచ్చేశాను. అది మూడోది, అన్నిటికంటే పెద్దది.

మొహమాటానికి పోతే ఏదో అయిందని మనకో మొరటు సామెత ఉంది. ఇక్కడ పూర్తిగా రాయను, మీ అందరికీ తెలుసు. తర్వాత్తర్వాత యోస్ట్‌కి మొహమాటం అంటే ఏమిటో వివరించబోయాను. పావుగంట విని, "అంటే లంచమా?" అన్నాడు. కాదు, ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వరు అన్నాను. "మరి ఎందుకు చేస్తారు?" అన్నాడు.

అల్లం

మేళా ఆదివారం మధ్యాహ్నం, ఊళ్లో ఒక పార్కులో. వేదిక మీద ఇక్కడి తెలుగు అసోసియేషన్ కార్యదర్శి మైకు పట్టుకుని, సమయం తక్కువ ఉంది కాబట్టి క్లుప్తంగా మాట్లాడతానని చాలాసేపటి నుంచి చెబుతున్నాడు. నేను రెండో వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. శ్రీకాంత్ నవ్వుకుంటూ వచ్చి చెరకు రసం గ్లాసు చేతిలో పెట్టాడు.

"స్విచ్చి పెట్టించావా?" అన్నాను.

"నోరు చేపించిన అక్కా, అచ్చం మీరు చెప్పినట్టే. సన్నగ, పొడుగ్గ. చూస్తే ఖుషీ ఐతరు" అని వెళ్లిపోయాడు, అవతల గిరాకీ ఎక్కువగా ఉందని.

నేనడిగింది స్విచ్చి గురించి. అతను చెప్పింది నోటి గురించి. ఇలాంటి జవాబులు పట్టుకోవడానికే ప్రభుత్వం నాకు ఇరవై నాలుగేళ్లుగా జీతమిస్తోంది. ఆదివారం కదా అని ఊరుకున్నాను.

మొదటి గుక్క తియ్యగా ఉంది. రెండో గుక్కలో నిమ్మకాయ తగిలింది. విడిగా పిండి ఉంటారులే అనుకున్నాను. మూడో గుక్కలో అల్లం ఘాటు. అల్లాన్ని విడిగా పిండలేరు కదా అనిపించింది.

మనవైపు రసం బండి దగ్గర నిలబడినవాళ్లకి ఇది తెలుసు. ఒకసారి నలిగిన గడని మడత పెడతారు. మడతలో నిమ్మచెక్క, అల్లం ముక్క ఇరికించి మళ్లీ రోలర్లలో పెడతారు. అసలు రుచి అక్కడ వస్తుంది. అది లేకుండా ఇస్తే తాగేవాడు "ఇదేం రసం?" అని గ్లాసు తిరిగిస్తాడు. నేను చెప్పిన సన్నటి నోట్లో ఆ మడత పట్టదు. పట్టాలంటే మూత ఎత్తాలి. పాత వెడల్పు నోరు ఉన్నప్పుడు మూత ఎత్తక్కర్లేకుండానే మడత లోపలికి పోయేది. అంటే నేను సలహా ఇచ్చాకే మూత ఎత్తాల్సి వచ్చింది. ఇదంతా ఆ కుర్చీలో, గ్లాసు సగంలో ఉండగా నాకు అర్థమైంది.

గ్లాసు కింద పెట్టి లేచాను. స్టాలు ఎంతో దూరం లేదు. మధ్యలో తెలిసినవాళ్లు ఇద్దరు పలకరించారు. ఆగలేదు కానీ, పరిగెత్తనూ లేదు. ఈ వయసులో, పట్టుచీరలో పరిగెడితే నలుగురూ ఏమనుకుంటారో అని. నిజం రాయడానికే కూర్చున్నాను కాబట్టి అది కూడా రాస్తున్నాను. సగం దూరంలో ఉండగా కేక వినిపించింది. అప్పుడు పరిగెత్తాను.

మూత నైలాన్ తాడుతో పైకి కట్టి ఉంది. పద్మజ శుభ్రత కోసం చేతికి పల్చటి ప్లాస్టిక్ తొడుగు వేసుకుంది. మడతతో పాటు తొడుగు కొస రోలర్లకి చిక్కింది. శ్రీకాంత్ ఎర్ర బటన్ కొట్టాడు. మిషన్ ఆగింది, ఈ మిషన్‌లో బటన్‌కి వైరు ఉంది. కానీ రోలర్లు ఆగితే పట్టినదాన్ని వదలవు, పట్టుకునే ఉంటాయి. ఫైర్ సర్వీసువాళ్లు వచ్చి విప్పేదాకా ఆమె చెయ్యి అందులోనే ఉంది. నేను వెనక నుంచి ఆమె భుజాలు పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి ఆమె అరవడం మానేసింది. "సెప్టెంబర్ అక్కా... సెప్టెంబర్" అంది.

చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. ఉంగరపు వేలు సగం మిగిలింది. సూదీ కత్తెరా పట్టేవి ఆ వేళ్లే.

ఏ సొరుగులో?

సోమవారం పొద్దున్నే బాస్ గదికి వెళ్లాను. అప్పటికి బ్రాండ్ల్ గారు లేరు. నాకంటే చాలా చిన్నదైన ఫ్రావ్ లెష్నర్ ఉండేది. జరిగింది మొత్తం చెప్పాను.

"మీరు తనిఖీకి వెళ్లారు. వెళ్లి ఏమిచ్చారు?" అంది.

"రెండు వారాల గడువు."

"ఎక్కడ రాసి ఉంది?"

"రాయలేదు. నోటిమాటగా ఇచ్చాను."

"వాళ్లు మీకేమిచ్చారు?"

"మాట ఇచ్చారు."

"మాటలు మనం ఏ సొరుగులో పెట్టుకుంటాం, ఫ్రావ్ పెంటకోట?" అంది. గొంతు పెంచలేదు. నా ఇంటిపేరు ఒక్క అక్షరం తప్పు పోకుండా పలికింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నా మీద విచారణ జరిగింది, లిఖితపూర్వకంగా మందలించారు. రిటైరయ్యేదాకా ఒంటరిగా తనిఖీకి పంపలేదు. అది న్యాయమే. ఫైలు యోస్ట్‌కి వెళ్లింది. అతను అదే రోజు ఆదేశం టైపు చేసి, వారంలో ఆ నాలుగు మిషన్లనీ వెతికి ఆపించాడు. బెర్లిన్‌లో ఒక హోటల్‌వాళ్లు కడగడానికి మూత ఊడదీసి, మళ్లీ పెట్టకుండా నిమ్మకాయలు పెట్టుకునే పళ్లెంగా వాడుతున్నారట. ఇంకొక్క వేసవి అలా నడిచి ఉంటే అక్కడ ఎవరి చెయ్యి పోయేదో తెలియదు.

తర్వాత యోస్ట్ శ్రీకాంత్‌ని పిలిపించాడు. ఆగి ఉన్న మిషన్ ముందు నిలబెట్టి, ఒక గ్లాసు రసం ఎలా తీస్తారో మొదటినుంచి చివరిదాకా చేసి చూపించమన్నాడు. చూస్తూ చూస్తూ, "ఈ నిమ్మకాయ ఎప్పుడు పెడతారు?" అని అడిగాడు. అతను జీవితంలో చెరకు రసం తాగినవాడు కాదు. గానుగల మధ్య పుట్టిన నాకు ఆ ప్రశ్న తోచలేదు. తెలిసిన పని కదా అని చూడ్డం మానేస్తాం. తెలియనివాడు కళ్లు తెరుచుకుని చూస్తాడు. కొత్తగా చేరేవాళ్లు నా దగ్గర తీసుకోవాల్సింది ఏదైనా ఉంటే, ఇదొకటి.

మనవాళ్లలో సగం మంది, నేను ముందే ఆపించి ఉంటే ఇంత జరిగేది కాదన్నారు. మిగతా సగం, మనవాడి వ్యాపారం నేనే మూయించానన్నారు. ఒకావిడ ఒకే ఫోన్‌కాల్‌లో రెండూ అంది. శ్రీకాంత్ నా ఫోన్ ఎత్తడం మానేశాడు.

పద్మజ ఇంట్లో

ఆసుపత్రికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ పద్మజ నిద్రలో ఉంది, లేదా నిద్రపోతున్నట్టు ఉంది. అక్టోబరులో ఇంటికి వెళ్లాను. ముందు ఫోన్ చేస్తే రావద్దంటారని చెప్పకుండానే వెళ్లాను. ఈ దేశంలో ఎవరూ అలా వెళ్లరు. వాళ్ల పదేళ్ల అమ్మాయి తలుపు తీసి, "అమ్మా, తనిఖీ ఆంటీ వచ్చింది" అని జర్మన్‌లో లోపలికి కేక వేసింది.

పద్మజ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉంది. బల్ల నిండా కుట్టని జాకెట్టు ముక్కలు. ఎవరివి వాళ్లకి తిరిగి పంపడానికి ఎడమచేత్తో చీటీలు రాస్తోంది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. శ్రీకాంత్ ఆఫీసుకి వెళ్లాడని చెప్పింది.

ఎలా మొదలుపెట్టాలో ఇంటి నుంచి ఆలోచించుకుంటూ వచ్చాను. అదంతా మర్చిపోయాను. లెష్నర్‌కి చెప్పినట్టే మొత్తం వరసగా చెప్పాను. ఫైలు నా దగ్గర ఉంచుకోవడం, నోరు సన్నగా చేయించమనడం, పెన్నుకి మూత పెట్టడం. చెబుతుంటే ఏడుపొచ్చింది. "నాది తప్పు పద్మజా" అన్నాను. ఆమె ఊరుకోమనలేదు, పరవాలేదనీ అనలేదు. నేను కళ్లు తుడుచుకునేదాకా చీటీలు రాసుకుంటూ కూర్చుంది.

"ఒక్కటి అడుగుత అక్కా" అంది. "గా దినం గ్యారేజీల చూసినప్పుడే మీకు తెలుసునా, ఇది చెయ్యి పడ్తదని?"

"తెలుసు."

"మరి కాగితం ఎందుకియ్యలే?"

ఇరవై ఆరేళ్లు చేసిన ఉద్యోగంలో నన్ను ఇంత చిన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. దానికి జవాబు కూడా చిన్నదే.

"మీకు నా మీద కోపం వస్తుందని" అన్నాను.

"వస్తుండె" అంది. "మా ఆయనకైతే మస్తు వస్తుండె. నేను గూడ నెల రోజులు మీతోని మాట్లాడకపోతుంటి." చీటీని జాకెట్టు ముక్క మీద పెట్టి ఎడమచేత్తో పిన్ను గుచ్చబోయింది. రెండుసార్లు జారిపోయింది. నేను చెయ్యి చాపితే వద్దని తల ఊపి, మూడోసారి తనే గుచ్చింది.

"కోపమైతే వచ్చి పోతుండె గదక్కా" అంది.